పోటూ కాటూ

"ఒంట్లో బావులేదు" అంటాం మనం. బర్మీయులు "నే మకౌంగ్ బూ" అంటారు. నిఘంటువు చూస్తే రెంటికీ అర్థం ఒకటే. చెవి పెట్టి వింటే మాత్రం వేర్వేరు వాక్యాలు. మన వాక్యంలో జబ్బుకు ఒక చిరునామా ఉంది: ఒళ్ళు. ఆ ఇంట్లో ఏదో సరిగా లేదు, ఇంటాయన అరుగు మీద నిలబడి ఆ సంగతి చెబుతున్నాడు. బర్మీయ వాక్యంలో ఇల్లూ లేదు, అరుగూ లేదు. 'నే' అంటే ఉండటం, కాపురముండటం, బతుకుతుండటం. ఆ ఉండటమే బాగాలేదంటున్నాడు రోగి.

ఈ రెండు వాక్యాలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టడానికి యాంగోన్‌లోని పబేడాన్ కన్నా తగిన చోటు నాకు తోచలేదు. 'పన్‌బే' అంటే కమ్మరి, 'తాన్' అంటే వరస. అది కమ్మరి వరస అన్నమాట. ఇప్పుడు ఆ పేటకు పేరు తెచ్చినవి కొలుములు కావు, బజార్లు. 1926లో కట్టిన స్కాట్ మార్కెట్టు, ఇప్పటి బొజో ఔంగ్ సాన్ మార్కెట్టు, అక్కడే ఉంది. ఒకప్పుడు సూరతు వర్తకుల బడాబజారుగా ఉన్న తెయిన్‌జీ కూడా అక్కడిదే. అనోరథా రోడ్డు మీద తమిళులు కట్టుకున్న కాళీ గుడి, 26వ వీధిలో యూదుల ప్రార్థనామందిరం. తెయిన్‌జీలో వేళ్ళు, బెరళ్ళు, చూర్ణాలు అమ్మే దుకాణాలు. పొరుగున ఉన్న లథా టౌన్‌షిప్‌లో ఎర్ర ఇటుకల యాంగోన్ జనరల్ ఆస్పత్రి. మూలికల అంగడి నుంచి పెద్దాసుపత్రికి నడిచి వెళ్ళొచ్చు. దారిలో ఎన్ని భాషల్లో మూలుగు వినిపిస్తుందన్నదే లెక్క.

ఆ భాషల్లో మనదీ ఒకటి. ఆ ఊరి పాత పేరు రంగూన్, మనవాళ్ళు దాన్ని రంగం అన్నారు. కోరంగి రేవు పేరు మీద అక్కడివాళ్ళు మనల్ని కోరంగీలన్నారు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి సీమల నుంచి ఓడలెక్కి వెళ్ళిన కూలీలు రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. అంతకు ముందు ఏడాది మే నెలలో రేవు పనుల దగ్గర తెలుగు కూలీలకూ బర్మీయ కూలీలకూ మధ్య రేగిన గొడవ నగరమంతా నెత్తురు పారించింది. 1942లో జపాను దాడికి భయపడి లక్షలమంది కాలినడకన కొండలు దాటారు. మలేరియా, విరేచనాలు, కలరా దారి పొడవునా పీనుగుల్ని మిగిల్చాయి. 1964లో నే విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలన్నీ జాతీయం చేసినప్పుడు ఇంకా ఎందరో తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట ఇప్పటికీ ఉంది. రంగంలోనే ఉండిపోయినవాళ్ళు బర్మీయ బడుల్లో చదువుకుని, బర్మీయ పేర్లు పెట్టుకుని, ఇంట్లో మాత్రం కొంతకాలం తెలుగు మాట్లాడుకున్నారు. జబ్బుపడటానికి రెండు వ్యాకరణాలు అందుబాటులో ఉన్న జనం వాళ్ళు.

వ్యాకరణం అన్నది ఊరికే కాదు. తెలుగులో జ్వరం వస్తుంది, జలుబు పడుతుంది, ఎండ దెబ్బ తగులుతుంది, అంటురోగం సోకుతుంది, సుస్తీ చేస్తుంది. క్రియలన్నీ జబ్బువి. రోగి 'కు' విభక్తిలో చేతులు కట్టుకు నిలబడతాడు: "నాకు జ్వరం వచ్చింది." జబ్బు చుట్టం, పిలవకుండా వచ్చిన చుట్టం. వచ్చింది కనుక పోతుందన్న ఆశ ఆ వాక్యంలోనే ఉంది. బర్మీయంలో జ్వరానికి 'ఫ్యా' అని క్రియే ఉంది. "ఫ్యా దే" అంటే మనిషి జ్వరిస్తున్నాడు. వచ్చినవాడూ లేడు, పోవలసినవాడూ లేడు.

ఇక నొప్పి. తలనొప్పిని బర్మీయుడు "గౌంగ్ కైక్" అంటాడు. గౌంగ్ తల, కైక్ అంటే కొరకడం. తల కొరుకుతోంది. పన్ను నొప్పి పెడితే పన్ను కొరుకుతోంది. కుక్క కరిచినా అదే కైక్, పన్ను సలిపినా అదే కైక్. మనకు అది పోటు. తలపోటు, పంటిపోటు, చెవిపోటు, కడుపుపోటు, చివరికి గుండెపోటు. కత్తిపోటులోని పోటే ఇది. అక్కడ నొప్పికి పళ్ళున్నాయి, ఇక్కడ మొన ఉంది. అక్కడ లోపల ఏదో జంతువు ఉంది, ఇక్కడ బయట ఎవడో శత్రువు ఉన్నాడు. కమ్మరి వరసలో కూర్చుని ఆలోచిస్తే మన మాటే ఆ పేటకు బాగా అతుకుతుందనిపిస్తుంది, కాని ఆ పేట వాళ్ళది.

పోటుతో మనం ఆగలేదు. సలుపు వేరు, తీపు వేరు. కాళ్ళు పీకుతాయి, నరం లాగుతుంది, పుండు చురచురలాడుతుంది, పేగులు మెలిపెడతాయి, కడుపులో దేవుతుంది, తోడేస్తుంది, తిప్పుతుంది, కెలుకుతుంది. 'కడుపునొప్పి' అని ఒక్క మాటతో సరిపెట్టే తెలుగు ముసలమ్మను నేను చూడలేదు. దేవినట్టుందంటే ఒకటి, మెలిపెట్టినట్టుందంటే మరొకటి, ఆ తేడా ఆమెకు బియ్యానికీ నూకలకూ ఉన్నంత స్పష్టం. వర్జీనియా వుల్ఫ్ 1926లో జబ్బు గురించి రాసిన వ్యాసంలో, ఒంటి బాధ చెప్పబోతే ఇంగ్లీషు భాష ఎండిపోతుందని వాపోయింది. ఆవిడ మన ఉత్తరాంధ్ర ఆసుపత్రి వరండాలో అరగంట కూర్చుని ఉంటే ఆ వ్యాసం ఇంకోలా ఉండేది.

ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు ఆ కొరతను తమ పద్ధతిలో తీర్చుకున్నారు. మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ మెల్‌జాక్ 1975లో నొప్పిమాటల పట్టిక ఒకటి ప్రకటించాడు. 78 మాటలు, 20 గుంపులు. పొడిచేవి, కాల్చేవి, కొరికేవి అన్నీ అందులో ఉన్నాయి. రోగి తన మాటలు ఏరుకుంటాడు, డాక్టరు వాటిని కూడతాడు. అంటే మన పోటూ బర్మీయుల కాటూ ఒకే అలమారాలో చేరాయి. మంచి పనే. కాని పట్టికలో మాట ఏరుకోవడానికీ నోట్లోంచి మాట రావడానికీ తేడా ఉంది. బజార్లో బట్టలు ఎంచుకున్నట్టు నొప్పిని ఎంచుకోమంటే మనవాళ్ళు "అన్నీ ఉన్నాయి బాబూ" అని ఊరుకుంటారు.

నొప్పిని చెప్పడంలో తెలుగుదే పైచేయి అంటాను. జబ్బుకు పేరు పెట్టడంలో మాత్రం ఓడిపోయాం. బర్మీయంలో చక్కెర జబ్బు 'సీజో', అంటే తీపి మూత్రం. రక్తపోటు 'థ్వేతో', నెత్తురు పెరగడం. మలేరియా 'ఙెఫ్యా', పిట్టజ్వరం. పక్షవాతం 'లేఫ్యత్', గాలి కోసేయడం. బడి మొహం చూడని రోగికి కూడా ఆ పేరులో ఏదో ఒక బొమ్మ కనిపిస్తుంది. మన మధుమేహంలోనూ ఉన్నది తీపి మూత్రమే, కాని ఆ తీపి సంస్కృతం వచ్చినవాడికే తగులుతుంది. పక్షవాతంలోనూ గాలి ఉంది. ఒక పక్కను పట్టిన వాతం అది. రెండు దేశాల వైద్యమూ ఒకే పాత పుస్తకాల నుంచి గాలిని తెచ్చుకుంది. వాళ్ళు దాన్ని ఇంటిమాటలోకి దింపుకున్నారు, మనం సంస్కృతంలోనే అట్టేపెట్టి, మీదట దాన్నీ వదిలేసి "షుగరుంది, బీపీ ఉంది" అంటున్నాం. రెండెకరాలుంది అన్నట్టు. బీపీ అయితే మరీ చిత్రం: "నాకు బీపీ తెప్పించకు" అంటే కోపం తెప్పించకు అని. జబ్బు పేరు కోపం పేరయ్యాక, ఆ జబ్బున్నవాడు కోపం లేదు కనుక మాత్ర ఎందుకని మానేస్తాడు.

రక్తపోటు అనే మాట మీద నాకు కొంత జాలి. పోటు అంటే పొడుపే కాదు, సముద్రపు పోటు కూడా. ఆటుపోట్లలోని పోటు అది. అలా చూస్తే అది నెత్తురు ఎగదన్నడమే, బర్మీయుల థ్వేతోకు అచ్చమైన జోడు. విశాఖ తీరంలో పుట్టినవాడికి ఆ మాట వెంటనే అర్థం కావాలి. కాలేదు, ఎందుకంటే పత్రికల్లో తప్ప ఎవరూ దాన్ని నోటితో పలకలేదు.

అలాగని బర్మీయ పేర్లన్నీ మెచ్చుకోదగ్గవి కావు. మూర్ఛకు వాళ్ళ వాడుకమాట 'వెత్ యూ ప్యాన్'. వెత్ అంటే పంది, యూ అంటే పిచ్చి. పంది పేరున్న జబ్బును తనకుందని ఒక పెళ్ళికావలసిన పిల్ల ఎవరితో చెప్పుకుంటుంది? బొమ్మ కట్టే పేరు గాయమూ చేస్తుంది. మన 'మూర్ఛ' ఆ విషయంలో మర్యాదస్తురాలు, 'ఫిట్స్' ఇంకా మర్యాదస్తురాలు. మనవాళ్ళు పడిపోయినవాడి చేతిలో తాళంచెవులు పెడతారు. కమ్మరి ఇనుముకు దయ్యం భయపడుతుందన్న పాత నమ్మకం పేరులో లేకపోయినా చేతల్లో మిగిలింది.

ఆన్ ఫాడిమన్ 1997లో రాసిన పుస్తకం గుర్తొస్తుంది. కాలిఫోర్నియాలోని మెర్సెడ్‌లో లావోస్ నుంచి వచ్చిన మాంగ్ కుటుంబం, వాళ్ళ పాప లియా, ఆమెకు మూర్ఛ. మాంగ్ భాషలో ఆ జబ్బు పేరుకు ఆత్మ పట్టుకుంటే పడిపోవడమని అర్థం. ఆ పేరే పుస్తకం పేరయింది. తల్లిదండ్రులకు ఆ పట్టు కొంత భయం, కొంత గౌరవం. డాక్టర్లకు అది మెదడులో విద్యుత్తు గోల. ఇద్దరూ పాపను ప్రేమించినవాళ్ళే, ఇద్దరి మధ్యా పాప నలిగిపోయింది. ఆ కథ చదివి అయ్యో అమెరికా అనుకునే తెలుగువాళ్ళు ఒక్కసారి 'అమ్మవారు పోసింది' అన్న మన మాటను తలుచుకోవాలి.

మశూచిని మనం తిట్టలేదు. అమ్మవారన్నాం, తల్లి అన్నాం, వేపమండలు కట్టి, నీళ్ళారబోసి సాగనంపాం. చికెన్‌పాక్స్ ఇంకా చిన్నపిల్ల కనుక ఆటలమ్మ అయింది. బర్మీయంలో ఈ జాతి జబ్బులకు 'చౌక్' అంటారు. ఆ మాటకు రాయి అని కూడా అర్థం. ఆటలమ్మకు వాళ్ళు పెట్టిన పేరు 'యే చౌక్'. యే అంటే నీరు. అలా విడదీస్తే నీటిరాయి. ఒక తీరాన తల్లి, ఇంకో తీరాన రాయి! రెండూ ఒంటి మీద తేలిన ఆ గింజల్లాంటి పొక్కుల్ని చూసే పుట్టాయి. ఒకరు గింజలు చల్లిన చెయ్యిని వెతికారు, ఇంకొకరు గింజను చూసి ఊరుకున్నారు. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి పోయిందని ప్రకటించింది. అమ్మవారు అన్న మాట మాత్రం ఆ ప్రకటన చదవలేదు.

అన్నిటికన్నా నన్ను ఆపేసిన జంట వేదన, వేదన. పాళీ నుంచి వచ్చిన ఈ మాట బర్మీయంలో ఒంటి జబ్బుకు వాడుకలో ఉంది. క్యాన్సరు రోగిని, హెచ్ఐవీ ఉన్న మనిషిని పత్రికలు 'వేదనాషిన్' అంటాయి. షిన్ అంటే సొంతదారు, ప్రభువు. వేదనకు ప్రభువు! బౌద్ధంలో వేదన అంటే ఉత్త అనుభూతి. సుఖం, దుఃఖం, రెండూ కానిది అని మూడు రకాలు. ఆ బరువంతా ఆ పేరు వెనక ఉంది. మనకేమో వేదన ఒంటిని వదిలి మనసుకెక్కింది. మనోవేదన, ఆవేదన, సంపాదకీయాల్లో రైతుల వేదన. కాలు విరిగినవాడు వేదనగా ఉందంటే నాటకమాడుతున్నాడంటాం. ఇంకో తమాషా, రోగ శబ్దాన్ని వాళ్ళు 'యోగా' అని పలుకుతారు. రంగం వెళ్ళిన కొత్తల్లో మన కూలీ తనకు యోగం ఉందని డాక్టరు చెబితే ఎంత సంతోషించాడో!

అవయవాల లెక్కలోనూ ఇలాంటి దొంగాటే. ప్రేమ విఫలమైన బర్మీయుడికి 'అథే' చీలుతుంది. అథే అంటే కాలేయం. మనకు గుండె పగులుతుంది. బిడ్డ పోయిన తల్లిది మనకు కడుపుకోత, ఓర్వలేనివాడిది కడుపుమంట. "కడుపు మండిపోతోంది డాక్టరుగారూ" అన్న కోడలికి పుండు ఉందో, అత్తగారుందో తెలుసుకోవాలంటే గ్యాస్ మాత్ర సరిపోదు. కళ్ళు తిరగడం మనకు కళ్ళ పని, వాళ్ళకు 'గౌంగ్ మూ', తలకు మత్తెక్కడం. సారా తాగినవాడికీ మూ అనే క్రియే.

ఇవన్నీ డాక్టరు ముందు చెబుతారా అన్నది అసలు ప్రశ్న. ఇక్కడ రెండు భాషల్లోనూ ఒకే అడ్డుగోడ ఉంది, పేర్లు వేరు. బర్మీయుల 'ఆనా' ప్రపంచానికి తెలిసిన మాట. 'ఆ' అంటే బలం, 'నా' అంటే నొచ్చడం. ఎదుటివాడిని ఇబ్బంది పెడుతున్నానేమో అన్న జంకు. రోగిని 'లూనా' అంటారు, నొచ్చిన మనిషి అని. లూనాలోని నా, ఆనాలోని నా ఒకటే. జబ్బు నొచ్చడమైతే, దాన్ని చెప్పుకోవడానికి వెనకాడటం కూడా ఇంకో నొచ్చడం. పైగా వాళ్ళు డాక్టరును 'సయా' అని పిలుస్తారు. గురువుకూ అదే పిలుపు. గురువుగారికి వేళ మించిపోతుంటే నా మూత్రం సంగతి ఎలా ఎత్తను?

మన మాట మొహమాటం. రెండూ ఒకటే అని తేల్చేయడానికి లేదు. ఆనాలో చూపు ఎదుటివాడి బరువు మీద ఉంటుంది, మొహమాటంలో మన మొహం మీద. పరువు, సిగ్గు, నలుగురూ ఏమనుకుంటారన్న బెంగ. రొమ్ములో గడ్డ తగిలిన బర్మీయ స్త్రీ సయాకు శ్రమ ఎందుకని ఊరుకుంటే, మన స్త్రీ మగడాక్టరు చూస్తాడని ఊరుకుంటుంది. గడ్డకు ఈ తేడా తెలియదు, రెండు చోట్లా పెరుగుతుంది. అయితే మొహమాటం ఒకసారి తెగిందంటే తెలుగు రోగిని ఆపలేం. డాక్టరు వెంటనే బాబయిపోతాడు, నాయనైపోతాడు. కథ మొన్నటి పెళ్ళిలో తిన్న వంకాయ కూర దగ్గర మొదలై, పెద్దకొడుకు పట్టించుకోకపోవడం మీదుగా, మోకాలి దగ్గరికి వచ్చేసరికి బయట లైను గుమ్మం దాటుతుంది. ఆ వంకాయనూ కొడుకునూ డాక్టరు తీసేస్తాడు. నేనైతే తీయను. వంకాయ ఆమె చెప్పే కారణం, కొడుకు ఆమె చెప్పే వ్యథ. హార్వర్డు మానసిక వైద్యుడు ఆర్థర్ క్లైన్‌మన్ జీవితమంతా డాక్టర్లకు చెప్పింది ఈ సంగతే: ఈ జబ్బుకు మీరు ఏ పేరు పెడతారు, ఎందుకొచ్చిందనుకుంటున్నారు, దేనికి భయపడుతున్నారు అని రోగినే అడగండి. మన ముసలమ్మ అడగకుండానే చెబుతోంది.

సూసన్ సాంటాగ్ వాదన ఇందుకు ఎదురు. తనకు క్యాన్సరు వచ్చాక 1978లో రాసిన పుస్తకంలో జబ్బు మీద కప్పిన ఉపమానాలన్నీ తీసేయమంది. క్షయను కవుల జబ్బు చేసి, క్యాన్సరును యుద్ధం చేసి రోగిని దోషిగా నిలబెట్టారన్న ఆవిడ కోపం న్యాయమైనది. రాచపుండు అనే పాత మాటను తలుచుకుంటే మనకూ తెలుస్తుంది. ఏ రాజసమూ లేని జబ్బుకు రాచరికమెందుకు? ఆ పేరు పలకడానికి జంకి మనం 'పెద్దజబ్బు' అన్నాం. ఇప్పుడు రెండు దేశాల్లోనూ ఇంగ్లీషు పేరే వాడుతున్నారు, వాళ్ళు 'కిన్సా' అంటారు, మనం క్యాన్సరంటాం, అదీ రోగి వినకుండా. కాని ఉపమానం లేకుండా మాట్లాడమంటే పోటును ఏం చేయాలి, కైక్‌ను ఏం చేయాలి? పొడవని, కరవని నొప్పి మా రెండు భాషల్లోనూ లేదమ్మా అని సాంటాగ్‌కు చెప్పాల్సి వస్తుంది.

యాంగోన్ జనరల్ ఆస్పత్రిలోనూ, 1923లో మొదలైన విశాఖ కింగ్ జార్జ్ ఆస్పత్రిలోనూ కేస్‌షీట్ రాసేది ఇంగ్లీషులోనే. ఒకచోట కొరికి, ఇంకోచోట మెలిపెట్టి, తోడి, దేవిన నొప్పి కాగితం మీదికి వచ్చేసరికి 'పెయిన్ అబ్డామెన్, మూడు రోజులు' అవుతుంది. వేదనకు ప్రభువూ, బాబూ నువ్వే దిక్కన్న ముసలమ్మా ఆ రెండు మాటల దగ్గర సమానమైపోతారు. ఈ సమానత్వం నాకు నచ్చలేదు.

వయసు మళ్ళాక, మతి తప్పుతున్న వేళ మనుషులు చిన్ననాటి భాషకు మళ్ళడం వైద్యులు చాలాచోట్ల చూసినదే. రంగంలో పుట్టి విశాఖ చేరినవాళ్ళకు అది బర్మీయం కావచ్చు, రంగంలోనే ఉండిపోయిన కోరంగీ ఇళ్ళ ముసలివాళ్ళకు మనవలకు రాని తెలుగు కావచ్చు. మీ ఇంట్లో అలాంటి పెద్దవాళ్ళుంటే ఒక పని చేయండి. ఆసుపత్రికి బయల్దేరే ముందు వాళ్ళ నోట వచ్చిన మొదటి మాటను, గౌంగ్ కైక్ అన్నా, కడుపులో దేవేస్తోందన్నా, ఉన్నదున్నట్టు ఒక చీటీ మీద రాసుకుని వెళ్ళి డాక్టరు చేతికివ్వండి. దారిలో దాన్ని కడుపునొప్పి చేయకండి.